సంఘం పెట్టమన్న పిలుపును ఎవరు నిర్ధారించాలి?

బీరంగూడలోని మా ఇంట్లో గురువారం సాయంత్రాలు జరిగే ప్రార్థన కూటానికి వచ్చేవాళ్లు కొంతకాలంగా నన్ను ఒకే మాట అడుగుతున్నారు: ఆదివారం ఆరాధన కూడా ఇక్కడే మొదలుపెట్టి, దీన్నే ఒక సంఘంగా (చర్చిగా) ఎందుకు చేయకూడదు? వాళ్లలో పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీలలో షిఫ్టులు చేసేవాళ్లున్నారు, ఆసుపత్రులలో నర్సులుగా పనిచేసే అక్కచెల్లెళ్లున్నారు, గోదావరి జిల్లాల నుంచీ ఖమ్మం, కరీంనగర్ల నుంచీ బతుకుతెరువు కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలున్నాయి. సొంత ఊళ్లలో ఒకరిది లూథరన్ సంఘం, ఒకరిది బాప్తిస్టు, ఒకరిది సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), మరొకరిది బ్రదరన్ సహవాసం. నేను ఉద్యోగం చేసుకునే మనిషిని. నగరంలోని ఒక పాత సంఘంలో పెద్దలలో ఒకడిని, వేదాంత కళాశాల గడప తొక్కినవాడిని కాను. అయినా వాళ్లు ఆ మాట అడిగిన ప్రతిసారీ నా లోపల ఏదో కదులుతోంది. ఆ కదలికను దేవుని పిలుపు అనవచ్చా అన్న సంగతి మీద చదివినవీ, పెద్దవాళ్లను అడిగి తెలుసుకున్నవీ, నాకు నేనుగా తేల్చుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను.

మన తెలుగు సంఘాలలో ఈ విషయం గురించి మాట్లాడుకోవడం కష్టం. ఎవరైనా "ప్రభువు నాకు దర్శనమిచ్చాడు" అన్నారంటే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. దాని మీద మరో ప్రశ్న వేస్తే దైవజనుణ్ణి అనుమానించినట్టు, ఆత్మను ఆర్పినట్టు లెక్క. "భారం కలిగింది" (ఆ పని చేయాలన్న తపనను దేవుడే మనసులో పెట్టాడు), "నడిపింపు వచ్చింది" అన్న మాటలకు కూడా అదే రక్షణ ఉంది. ఆ మాటలు అబద్ధమని నేను అనను. నిజంగా భారం మోసినవాళ్లను దగ్గరగా చూశాను, అలాంటివాళ్ల ప్రార్థనల వల్లనే మా కుటుంబం విశ్వాసంలో నిలబడింది. నా అభ్యంతరమల్లా ఒక్కటే. అద్దె ఇల్లు మారడానికి నలుగురినీ సంప్రదించే మనం, పదుల కుటుంబాల ఆత్మీయ జీవితాన్ని ఒక మనిషి చేతిలో పెట్టే నిర్ణయాన్ని మాత్రం ఆ ఒక్క మనిషి అంతరంగానికే వదిలేస్తున్నాం.

వాగ్దాన కార్డుల సంగతే తీసుకుందాం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పన్నెండు దాటగానే స్టీలు పళ్లెంలో కార్డులను బోర్లించి వరుసల మధ్య తిప్పుతారు, ఎవరికి వచ్చిన వచనం వారికి ఆ ఏడాదికి దేవుని వాగ్దానం. జేబులో పట్టేంత కార్డు, అంచున బంగారు రంగు గీత, ఒకవైపు జలపాతమో గులాబీ పువ్వో, రెండో వైపు వచనం. పిల్లలు తమకు వచ్చినదాన్ని పక్కవాళ్లతో మార్చుకోవాలని చూస్తుంటారు, తల్లులు కసురుకుంటూ ఉంటారు. మొన్నటి సంవత్సరాంతపు ఆరాధన ముగిశాక మా కూటానికి వచ్చే ఒక సోదరుడు మెట్ల దగ్గర నన్ను ఆపి, ఫోను వెలుతురులో తన కార్డు చూపించాడు. గుడారపు స్థలాన్ని విశాలపరచమనీ, తాళ్లను పొడుగు చేయమనీ చెప్పే యెషయా 54వ అధ్యాయపు వచనం. "అన్నా, ఇది నాకు కాదు, మన కూటానికే వచ్చింది" అన్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. ఆ సమయంలో వాదించాలని నాకు అనిపించలేదు.

ఇంటికి వచ్చాక మాత్రం ఆలోచించాను. అదే వచన భాగం మీద 1792లో ఇంగ్లండులోని నాటింగ్‌హాంలో, తరువాత మిషనరీగా మన దేశానికి వచ్చిన విలియం కేరీ ప్రసంగించాడు, ఆ ప్రసంగం తరువాత కొద్ది నెలలకే బాప్తిస్టు మిషనరీ సంఘం ఏర్పడింది. కాబట్టి ఆ వచనం మనుషులను కదిలించగలదనడంలో సందేహం లేదు. అయితే కేరీ పళ్లెంలోంచి కార్డు తీసి ఓడ ఎక్కలేదు. అంతకు ముందే లోకంలోని దేశాలనూ జనసంఖ్యలనూ పట్టికలుగా వేసి చూపిన పుస్తకం ఒకటి రాశాడు, తోటి కాపరులతో (పాస్టర్లతో) ఏళ్ల తరబడి వాదించాడు, వాళ్లు పంపితేనే బయలుదేరాడు. ఇక ఆ రాత్రి మా సంఘంలో ఆ కార్డు ఇంకా ఎంతమందికి వచ్చి ఉంటుందో, వాళ్లలో ఎంతమంది దాన్ని కొత్త ఫ్లాటు కొనుక్కోమన్న సూచనగా తీసుకుని ఉంటారో కూడా ఆలోచించకుండా ఉండలేకపోయాను.

లేఖనాలలో పిలుపు వృత్తాంతాలను మళ్లీ వరుసగా చదివినప్పుడు ఒక సంగతి నాకు స్పష్టంగా కనిపించింది. బాలుడైన సమూయేలుకు స్వరం వినిపించింది కానీ అది ఎవరి స్వరమో అతనికి తెలియలేదు, చూపు మందగించిన ఏలీ చెబితేనే తెలిసింది. ఆ ఏలీ మంచి నాయకుడు కూడా కాడు, సొంత కొడుకులనే అదుపు చేయలేకపోయాడు. అయినా స్వరాన్ని గుర్తుపట్టడానికి అతని సాయమే కావలసి వచ్చింది. అపొస్తలుల కార్యములు 13వ అధ్యాయంలో బర్నబానూ సౌలునూ ప్రత్యేకపరచమని పరిశుద్ధాత్మ చెప్పింది అంతియొకయ సంఘంలో ఉపవాసముండి ఆరాధిస్తున్న ప్రవక్తలతోనూ బోధకులతోనూ. సౌలుకు దమస్కు దారిలోనే పిలుపు వచ్చి ఎన్నో ఏళ్లయినా, ఆ సంఘం చేతులుంచి పంపాకనే అతను ఈ ప్రయాణానికి బయలుదేరాడు. పదహారవ అధ్యాయంలో ఆసియాలో వాక్యం చెప్పకుండా ఆటంకం, బితూనియకు వెళ్లబోతే మరో ఆటంకం, చివరికి త్రోయలో రాత్రివేళ మాసిదోనియ మనిషి దర్శనం. ఆ దర్శనం చూసింది పౌలు ఒక్కడే, దేవుడే పిలిచాడన్న నిశ్చయానికి వచ్చింది మాత్రం అతనితో ఉన్న బృందమంతా. మూసుకుపోయిన తలుపులను కూడా నడిపింపులో భాగంగానే రాసిపెట్టిన ఆ భాగాన్ని మన సాక్ష్య కూటాలలో ఎవరూ ఎత్తరు. తెరుచుకున్న తలుపుల గురించి చెప్పుకోవడం మనకు ఇష్టం.

బైబిలు కాలం మనకు దూరం అనుకుంటే, ఒంగోలు దగ్గరే ఉంది. అమెరికన్ బాప్తిస్టు తెలుగు మిషను చరిత్ర చదవని తెలుగు విశ్వాసులుంటే తప్పక చదవాలి. 1836లో శామ్యూల్ డే భారతదేశానికి వచ్చి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డాడు. పనిలో ఫలితం కనబడక, ఆ మిషనును మూసేయాలన్న ఆలోచన అమెరికాలోని పెద్దలలో ఒకసారి కాదు, పలుసార్లు వచ్చింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషను సేవకుడు లైమన్ జూయెట్, ఆయన భార్య, వారితోపాటు ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి, ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఇప్పటికీ దాన్ని ప్రార్థన కొండ అంటారు. ఆ ప్రార్థనకు జవాబుగా జాన్ క్లౌ ఒంగోలు చేరడానికి పన్నెండేళ్లు పట్టింది. ఆ పన్నెండేళ్లలో జూయెట్ ఒంగోలు తనకే అప్పగింపబడిందని ప్రకటించుకోలేదు. ప్రార్థించినవాడు ఒకడు, పంపబడినవాడు మరొకడు. భారం ఎవరికి కలిగిందో పని కూడా వారిదే కావాలని మనం అనుకునే పద్ధతికి ఇది సరిపడదు.

క్లౌ వచ్చాక జరిగింది ఇంకా చెప్పుకోదగినది. పెద్ద కులాలవారు కొందరు ఆయన బోధ పట్ల ఆసక్తి చూపిస్తున్న రోజులలోనే, యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోలు వ్యాపారి బాప్తిస్మం కోరుతూ వచ్చాడు. పేరయ్యను క్లౌ వెతికి పట్టుకోలేదు. వ్యాపారం మీద ఉత్తరాన ఏలూరు వైపు వెళ్లినప్పుడు అక్కడి మిషనరీల దగ్గర సువార్త విని, తన ఊరికి తిరిగి వచ్చి, అప్పటికే తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టిన మనిషి అతను. అతని బాప్తిస్మం 1866లో జరిగింది. మాదిగలను చేర్చుకుంటే మేము రాము అని పెద్ద కులాలవారు క్లౌకు తెగేసి చెప్పారు. ఊళ్లో పలుకుబడి, పాఠశాలకు మద్దతు, చదువుకున్న సభ్యులు అన్నీ ఒకవైపు, తోలు వాసనతో వచ్చిన కొద్దిమంది మరోవైపు. ఆ ఆందోళనలో క్లౌ బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం, లోకంలో నీచులైనవారినీ తృణీకరింపబడినవారినీ దేవుడు ఏర్పరచుకున్నాడన్న భాగం కనిపించింది. వేరే గదిలో ఉన్న ఆయన భార్య హ్యారియెట్ కూడా, ఆయనతో మాట్లాడకుండానే, ఆ సమయంలో అదే భాగం చదివి అదే నిర్ణయానికి వచ్చిందని ఆయన తరువాత రాశాడు. 1867 జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది.

ఇది కూడా వాగ్దాన కార్డు లాంటిదే కదా అని ఎవరైనా అడగవచ్చు, నేనూ అడుగుకున్నాను. తేడా ఉందనే అనుకుంటున్నాను. ఆ వచనం క్లౌకు అనుకూలమైన దారిని ఆశీర్వదించలేదు, ఆయనకు నష్టం కలిగించే దారిలోకి నెట్టింది. పైగా దాన్ని రెండో వ్యక్తి విడిగా ధ్రువపరచింది. నాకు వచ్చిన వచనం నాకు ముందే ఉన్న కోరికను సమర్థిస్తున్నదా, లేక దానికి అడ్డం తిరుగుతున్నదా అని చూడడం అప్పటి నుంచి అలవాటు చేసుకున్నాను. నాకు ఇంతవరకు కనబడిన వచనాలు ఎక్కువ భాగం మొదటి రకమే.

ఆ తరువాత 1876-78 కరువు. ఆకలితో చచ్చిపోతున్న జనం కోసం క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించాడు. ఆయన పూర్వం భూమి సర్వేలు చేసిన మనిషి కాబట్టి ఆ పని ఆయనకు తెలుసు. కాలువ గట్ల మీద బోధకులు కూలీలతో కలిసి ఉండేవారు. బాప్తిస్మం కావాలని వచ్చేవాళ్లు పెరుగుతున్నా, గింజల కోసం వస్తున్నారేమో అన్న అనుమానంతో ఆయన ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ఆగిపోయిందని చెప్పాక కూడా వాళ్లు వదలకపోతేనే ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్యను మనవాళ్లు ప్రతి మహాసభలోనూ చెబుతారు. దానికి ముందున్న నిలుపుదలను చెప్పేవాళ్లు తక్కువ. సంఘం పెట్టాలనుకునే మనిషికి ఆ నిలుపుదలలోనే ఎక్కువ పాఠం ఉందని నాకు తోస్తుంది. చేతికి అందివస్తున్న జనాన్ని, వాళ్ల ఉద్దేశం తేలేదాకా ఆపి ఉంచగల మనిషికే వాళ్లను నమ్మి అప్పగించవచ్చు.

దోర్నకల్లు ప్రస్తావన లేకుండా తెలంగాణలో ఈ విషయం మాట్లాడలేం. తిరునెల్వేలి తమిళుడైన వి.ఎస్. అజరయ్య, వైఎంసీఏలో కార్యదర్శిగా మంచి పేరున్నవాడు, 1903లో తన ప్రాంతపు క్రైస్తవులతో కలిసి స్వదేశీ మిషనరీ సంఘం స్థాపించడంలో ముఖ్యుడు. ఆ సంఘం నిజాం రాజ్యంలోని తెలుగు ప్రాంతానికి తన సేవకుణ్ణి పంపింది. ఇతరులను పంపుతూ తాను ఉండిపోవడం ఆయనకు సరిగా తోచలేదు. ఉద్యోగం వదిలి, 1909లో అభిషేకం పొంది, దోర్నకల్లు వచ్చి, తెలుగు నేర్చుకుని, పల్లెల మధ్య ఉండిపోయాడు. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషపు అయ్యాడు. ఆయనకున్న పేరుకు సొంతంగా ఒక సంఘం పెట్టుకుని ఉంటే అడ్డుకునేవారుండేవారు కాదు. ఆయన మాత్రం తాను స్థాపించిన మిషనరీ సంఘానికే సేవకుడై, బిషపుల అజమాయిషీ కిందనే పనిచేశాడు. ఆయన దగ్గర బాప్తిస్మం పొందినవాళ్లు తలమీద చెయ్యి వేసుకుని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికేవారట. పిలుపును ఒక్క కాపరికి పరిమితం చేయకుండా కొత్తగా చేరిన కూలీ మనిషి నెత్తిన కూడా పెట్టిన పద్ధతి అది.

నా వాదానికి ఎదురు నిలిచే మనిషి, స్వతంత్ర సహవాసాలు స్థాపించిన సువార్తికుడు భక్త్ సింగ్. ఆయనను పక్కన పెట్టి మాట్లాడితే న్యాయం కాదు, మా నాన్నగారు ఊరుకోరు కూడా. ఏ మిషనూ పంపకుండా, ఏ బిషపూ చేతులుంచకుండా, 1941లో మద్రాసులో యెహోవా షమ్మా పేరుతో మొదలైన ఆయన సహవాసం హైదరాబాదులోని హెబ్రోను కేంద్రం మీదుగా తెలుగు పల్లెపల్లెకూ పాకింది. ఉన్న సంఘాల నుంచి అనుమతి తెచ్చుకుని ఉంటే అది జరిగి ఉండేది కాదు. కాబట్టి సొంతంగా మొదలైన ప్రతిదీ అబద్ధపు పిలుపని చెప్పే హక్కు నాకు లేదు. అయినా అక్కడ కూడా, ఆ సహవాసం మొదలయ్యే ముందు మద్రాసు దగ్గరి పల్లావరం కొండ మీద రాత్రంతా ఆయన ఒంటరిగా ప్రార్థించలేదు, తోటివాళ్లతో కలిసి ప్రార్థించాడు. నిర్ణయాలను పెద్దలు కూడి ప్రార్థించి తీసుకునే పద్ధతినే ఆయన సహవాసాలు పాటించాయి. పంపే సంస్థ లేకపోయినా, అడ్డుచెప్పగల సహోదరులు ఉన్నారు. ఈనాడు ఆయన పేరు చెప్పుకుని ఒంటరిగా బోర్డు కట్టుకునేవాళ్లు ఆ రెండో సగాన్ని మర్చిపోతున్నారు.

మన పట్టణాలలో కొత్త సంఘాలు ఎక్కువగా ఎలా పుడతాయో అందరికీ తెలుసు. కమిటీ ఎన్నికలలో గొడవ, కానుకల లెక్కల మీద మాటామాటా, కాపరి కొడుక్కే కాపరత్వం ఇవ్వాలా వద్దా అన్న తగాదా, కొన్నిచోట్ల పైకి అనుకోని కులం. ఆ మరుసటి నెలలో మూడు వీధుల అవతల రేకుల షెడ్డు, కొత్త పేరు, పాత మనుషులు. అత్తాకోడళ్లకు పడక పెట్టిన వేరుకాపురాన్ని గృహప్రవేశమని పిలిచినట్టుగా దానికి దర్శనం అని పేరు పెడతాం. మరొకడు వేసిన పునాది మీద కట్టకూడదన్నది తన పట్టుదల అని పౌలు రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలో చెప్పాడు. దాన్ని బీరంగూడకు అన్వయిస్తే మా కూటానికి ఇబ్బందిగానే ఉంటుంది. ఎందుకంటే మా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఎవరో ఒకరి పునాది మీద నిలబడ్డవాళ్లే. వాళ్ల అసలు కష్టం దూరం. ఆదివారం ఉదయం పిల్లలతో రెండు బస్సులు మారి సికింద్రాబాదు వెళ్లడం చిన్న విషయం కాదు, రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లకు మరీ కష్టం. అయితే దగ్గరలో ఆరాధన స్థలం కావడం ఒక సదుపాయం, దానికి పిలుపు అనే పెద్ద పేరు అక్కర్లేదేమో.

ఈ ఆలోచనతో, బైబిలులో నెహెమ్యా పని మొదలుపెట్టే ముందు యెరూషలేము కూలిన గోడలు చూసి వచ్చినట్టు మా చుట్టుపక్కల వీధులు తిరిగి చూశాను. మొదటి అంతస్తులలో, షట్టర్లలో, అపార్టుమెంటు సెల్లార్లలో తెలుగు సంఘాలు నేననుకున్నదానికంటే చాలా ఎక్కువ ఉన్నాయి. ఒకే సందులో ఎదురెదురుగా రెండు. వాటి కాపరులు కొందరితో మాట్లాడాను. దినమంతా ఆటో నడిపి సాయంత్రం విశ్వాసుల ఇళ్లకు వెళ్లే ఒకాయన, నేను సంఘం పెట్టే ఆలోచనలో ఉన్నానని తెలిసి కూడా, టీ ఇప్పించి, తన బెంచీలు కావాలంటే తీసుకెళ్లమన్నాడు. ఆయన ఎదుట కూర్చుని, ఇక్కడ సంఘం లేదు కాబట్టి నన్ను దేవుడు పిలిచాడని చెప్పుకోవడం నాకు సాధ్యం కాలేదు.

సంఘం నిజంగా లేనిది ఇంకొకరికి. పాశమైలారం కంపెనీలలో పనిచేసే ఒడిశా కుర్రవాళ్లు గదికి ఎనిమిది మంది, పది మంది చొప్పున ఉంటారు. వాళ్లలో రాయగడ వైపు నుంచి వచ్చిన ఒకతను గురువారాలు మా ఇంటికి వస్తాడు. గుమ్మం పక్కనే చాపమీద కూర్చుని, మేము తెలుగులో వాక్యం చదువుతుంటే తాను ఫోనులో ఒడియా బైబిలు తెరిచి అదే అధ్యాయం వెతుక్కుంటాడు. అధ్యాయం సంఖ్య అర్థం కాకపోతే పక్కనున్న పిల్లవాడు వేళ్లతో చూపిస్తాడు. పాటలకు పెదవులు కదుపుతాడు కానీ పదాలు రావు. ప్రార్థన వంతు వచ్చినప్పుడు తన భాషలో చేస్తాడు, మేము ఆమెన్ అంటాం. అతని గదిలోవాళ్లలో మరికొందరు కోరాపుట్ ప్రాంతపు లూథరన్ కుటుంబాల పిల్లలేనట. ఆదివారం వాళ్లకు బట్టలు ఉతుక్కునే రోజు. మా ఇంట్లో ఇంతమంది కొత్త సంఘం గురించి ప్రార్థిస్తున్నా, ఆ ప్రార్థనలో వాళ్ల పేరు ఎప్పుడూ రాలేదు.

ఇక ఆచరణలోని సంగతులు. ఇవి ఆత్మీయం కావని కొందరు పక్కన పెడతారు, నాకు మాత్రం పిలుపును తూచడానికి ఇవే గట్టి రాళ్లు. సొసైటీగా నమోదు చేయించుకోవడం సులభం, 2001 నాటి చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. బ్యాంకు ఖాతా సంఘం పేరున ఉండాలి, ఇద్దరి సంతకాలు కావాలి, అందులో ఒకటి కాపరి బంధువుది కాకూడదని నేను పట్టుబడతాను. వివాహాల సంగతి కొంచెం కష్టం. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం, బిషపుల అభిషేకం ఉన్న సంఘాల గురువులను మినహాయిస్తే, ప్రభుత్వం నుంచి లైసెన్సు పొందిన సేవకుడే పెళ్లి జరిపించాలి. బోర్డు కట్టుకున్నంత మాత్రాన ఆ అధికారం రాదు. బాప్తిస్మం విషయంలో ఇంకా బరువైన లెక్క ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులపు మనిషి క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది, మన రాష్ట్రాలలో బీసీ-సి కిందికి వస్తాడు. ఒక ఇంటి పిల్లల చదువులూ ఉద్యోగాలూ దీనితో ముడిపడి ఉన్నప్పుడు, నీళ్లలోకి దింపే చేతికి ఆ కుటుంబంతో తరువాత నడిచే ఓపిక ఉండాలి.

అన్నిటికంటే నన్ను నిలబెట్టి ప్రశ్నించింది సమాధి. మా కూటానికి వచ్చే ఒక కుటుంబంలో పెద్దాయన చనిపోయినప్పుడు, ఇక్కడ పాతిపెట్టడానికి చోటు దొరకలేదు. పాత సంఘాల సమాధుల తోటలలో సభ్యత్వ పత్రం అడిగారు, సొంత ఊరి సభ్యత్వం ఇక్కడ చెల్లలేదు. చివరికి అంబులెన్సు మాట్లాడుకుని, రాత్రంతా ప్రయాణం చేసి, తాడేపల్లిగూడెం దాటి వాళ్ల ఊరికి తీసుకువెళ్లారు. మేము కొందరం వెంట వెళ్లాం. దారిలో ఆయన కొడుకు నాతో అన్న మాట ఇదే: "మీరు సంఘం పెడితే మొట్టమొదట స్థలం కొనండి బ్రదర్, మైకులు తరువాత." పాటల బృందం, కీబోర్డు, ప్రత్యక్ష ప్రసారం గురించి మా వాళ్లు వేసుకున్న పథకాలలో సమాధుల తోట ఎక్కడా లేదు.

ఇదంతా విని మా ఆవిడ ఒక రాత్రి వంటిల్లు సర్దుతూ అడిగింది: "ఏమండీ, రేపు పెద్దలు ఒప్పుకుని ఇక్కడ సంఘం పెడదామన్నారనుకోండి. కాపరిగా మిమ్మల్ని కాకుండా ఇంకెవరినో పంపించారనుకోండి. అప్పుడు కూడా మీకీ భారం ఇలాగే ఉంటుందా?" నేను వెంటనే జవాబు చెప్పలేదు. అధ్యక్షుడు తన ఇంటివారిని చక్కగా ఏలాలని తిమోతికి రాసిన పత్రికలో ఉన్న మాటను మగవాళ్లం అధికారం గురించి అనుకుంటాం. ఇంటివాళ్లు మనల్ని పరీక్షించగలిగేంత స్వేచ్ఛ ఆ ఇంట్లో ఉందా అని కూడా ఆ మాటలో చదువుకోవచ్చని ఆ రాత్రి అనిపించింది. మరునాడు ఆమెతో చెప్పాను, భారం ఉంటుంది కానీ అంత ఉండదని. "అయితే ఆ తగ్గేదెంతో అది తీసేసి మిగిలింది ప్రభువుకు చూపించండి" అంది.

ఆ తరువాత మా సంఘ కాపరి అయ్యగారి దగ్గరికి వెళ్లి, ఏదీ దాచకుండా చెప్పాను. ఆయన రిటైరుమెంటుకు దగ్గర పడ్డ మనిషి, తక్కువ మాట్లాడతారు. కోప్పడతారేమోనని జంకాను, సగం కూటం ఆయన విశ్వాసులే మరి. ఆయన అంతా విని, "బాబూ, నీకు పిలుపు లేదని నేను అనను. ఉందని కూడా ఇప్పుడే అనను. దాన్ని నువ్వు నిరూపించుకోవద్దు, మాకు అప్పగించు" అన్నారు. పెద్దల కూటంలో దీనిమీద చాలాసేపు చర్చ జరిగింది. ఒకాయనకు ఈ ఆలోచనే నచ్చలేదు, సభ్యులూ కానుకలూ తగ్గుతాయని సూటిగానే అన్నాడు. ఆ నిజాయితీ నాకు మంచిదనిపించింది, మిగతావాళ్లు మనసులో పెట్టుకున్నదాన్ని ఆయన బయట పెట్టాడు. చివరికి తేలింది ఇది. గురువారం కూటాన్ని కొన్ని నెలల పాటు నేను కాక మరో ఇద్దరు సోదరులు వంతులవారీగా నడిపిస్తారు, నేను చాపలు పరిచి, వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, వెనక కూర్చుంటాను. నేను ముందు లేనప్పుడు కూటం నిలుస్తుందో లేదో, వెనక కూర్చోవడం నాకు ఎలా ఉంటుందో, రెండూ తెలుస్తాయని అయ్యగారి ఉద్దేశం. అపార్టుమెంటు సంఘం వాళ్లతో మెట్ల మీద చెప్పుల గొడవ తీర్చే పని కూడా నాదే. ఒడిశా కుర్రవాళ్ల కోసం ఒడియాలో వాక్యం చెప్పగల మనిషిని పంపమని ఒడిశా జయపురంలోని లూథరన్ సంఘానికి మా సంఘం తరఫున ఉత్తరం వెళ్లింది. జవాబు వస్తే, వాళ్లు కూడుకోవడానికి మా ముందుగది ఆదివారం సాయంత్రాలు ఇస్తామని మా ఆవిడే ముందుగా మాట ఇచ్చింది.

మిగిలింది కుటుంబాల మాట. పెద్దలలో ముగ్గురు వచ్చే నెలలో ఒక శనివారం బీరంగూడ వచ్చి, కూటంలోని ఒక్కొక్క కుటుంబాన్నీ విడిగా కూర్చోబెట్టి, ఇక్కడ సంఘం కావాలని ఎందుకు అనుకుంటున్నారో, ఎవరి కోసం అనుకుంటున్నారో, నేను కాపరిని కాకపోయినా వస్తారో రారో అడుగుతారు. కూడుకునేది మా ఇంట్లోనే అయినా మేము ఉండకూడదని అయ్యగారు ముందే చెప్పారు. ఆ శనివారం తాళం చెవి పక్క ఫ్లాటులో ఇచ్చి, మేమిద్దరం పిల్లలను తీసుకుని సంగారెడ్డిలోని మా అత్తగారింటికి వెళతాం.